కొసరుగా వెళ్లిన కాయం

నంద్యాల స్టేషన్ రోడ్డులో ఆదిశేషయ్య శెట్టిగారి గోడౌను మొదట ముక్కుకు తెలిసేది, ఆ తర్వాతే కంటికి. చింతపండు పులుపు, కొత్త గోతాల నార వాసన, ఆ వెనక ఎక్కడో ధనియాలు. పైన పెంకుల సందుల్లోంచి ఎండ కర్రల్లాగా దిగేది. ఆ ఎండలో పసుపు దుమ్మూ మిరప దుమ్మూ కలిసి, ఎవరికీ తొందర లేనట్టు తేలుతుండేవి. గంప నడుముకు ఆనించుకుని వాటి మధ్య నడుస్తుంటే కమలాక్షమ్మకు తాను నంద్యాలలో ఉన్నట్టే ఉండేది కాదు. ఆళ్లగడ్డ బజారులో నడుస్తున్నట్టు ఉండేది.

అక్కడ సరుకు ఏరే ఆడవాళ్లకు తలా ఒక ఊరు. మరియమ్మది డోను. వెంకటలక్ష్మమ్మది కోయిలకుంట్ల. కమలాక్షమ్మది ఆళ్లగడ్డ. ఆ ఊరి అంగళ్ల చీటీలు వస్తే ఆ మనిషే ఏరాలి, ఆ మనిషే గోతాల్లో సర్దాలి, చివర ఆ మనిషి చేత్తోనే ఇంత కొసరు పడాలి. గుప్పెడు ధనియాలో, రెండు బెల్లం పలుకులో. కొసరు లేని సరుకు ముండమోసిన సరుకని పెద్దశెట్టిగారి తల్లి అనేదట.

గుమస్తా చెన్నయ్య గుమ్మంలో కూర్చుని చీటీ పైనుంచి కిందికి చదివేవాడు. కమలాక్షమ్మకు అక్షరం రాదు, కాని ఒకసారి చెవిన పడితే చాలు. చీటీ వింటుంటే ఆ అంగడి కళ్ల ముందు లేచి నిలబడేది. జీలకర్రా ఎండుకొబ్బరీ ఎక్కువ రాశారంటే ఆ వీధిలో పెళ్లి. కర్పూరం, నువ్వులు అంటే ఎవరో పోయారు. వింటూ వింటూ ఆమె ఒక నిట్టూర్పు విడిచేది, లేదా నవ్వుకునేది.

అన్నిట్లోకీ ఆమె చెవి రిక్కించి వినేది రంగనాయకమ్మ అంగడి చీటీ. ఎందుకంటే రంగనాయకమ్మ ఆమె వియ్యపురాలు. కూతురు ఓబులమ్మ ఆ ఇంట్లోనే ఉంది, నిండుచూలాలు. అంగడి సరుకంతా రాశాక రంగనాయకమ్మ అడుగున ఒక గీత గీసి, ‘ఇంటికి’ అని వేరుగా రెండు మూడు వస్తువులు రాసేది. ఇంటికి పుల్లటి పాతచింతపండు కొంచెం, అని చదివేవాడు చెన్నయ్య. ఓహో, పిల్లకు నోరు చవి లేదన్నమాట, అనుకునేది కమలాక్షమ్మ. బస్తా అడుగునుంచి నల్లగా మెత్తగా ఉన్న చింతపండు తీసి, గింజలూ ఈనెలూ ఏరి, ఆకులో చుట్టి పెట్టేది. ఇంటికి ఖర్జూరాలు, అనేవాడు. ఒక్కొక్క పండునూ పాపిడిబిళ్లను చూసినట్టు చూసి ఏరేది.

మాటలు మాత్రం లేవు రెండిళ్ల మధ్య. ఓబులమ్మకు గాజులు వేయించిన రోజు నంద్యాలలో లారీలకు సరుకు ఎత్తే పని ఉండి కమలాక్షమ్మ ఆలస్యంగా చేరింది. గోడౌను ముందు, కూతురు ఎనక, అని రంగనాయకమ్మ పదిమందిలో అనేసింది. వాళ్లు తనకు పెట్టిన చీరను కమలాక్షమ్మ అరుగు మీదే వదిలి బస్సెక్కింది. పెట్టిన చీర వదిలి రావడం చిన్న మాట కాదు. తొలికాన్పుకు పిల్లను పుట్టింటికి పంపేది లేదని ఆ తర్వాత కబురొచ్చింది. అల్లుడు తల్లి మాట దాటేవాడు కాదు. అందుకని ఈ తల్లికి కూతురి ఇల్లంటే ఆ గీత కింది రెండు ముక్కలే. ఇక ఈ నెలలో ఏదో ఒక పొద్దున చెన్నయ్య ఇంటికి వాము, శొంఠి, వస అని చదువుతాడు. ఆ పూట ఓబులమ్మ కాన్పు క్షేమంగా అయినట్టు. ఆ మాట కోసం ఆమె చెవి కాచుకుని ఉంది.

ఆ సోమవారం పొద్దున శెట్టిగారి అన్నకొడుకు గురుమూర్తి అందరినీ గుమ్మం దగ్గరికి పిలిచాడు. హుబ్లీలో పెద్ద వ్యాపారస్తుల దగ్గర పని నేర్చుకుని వచ్చినవాడు. మర్యాదస్తుడు, ఏరేవాళ్లను కూడా వరసపెట్టి పిలిచేవాడు. గోడకు ఒక నల్లబల్ల కొట్టించి దాని మీద గళ్లు గీసి పెట్టాడు.

“పిన్నమ్మా, మీరు ఒక్కో చీటీ పట్టుకోని గోడౌనంతా తిరుగుతాండారు. ఆమె చింతపండు కాడికి పోతాది, మల్లా ఈమె పోతాది, మల్లా ఇంగో అంగడికని ఆమే పోతాది. పోయేదంతా ఆ ఒక్క చింతపండు కాడికే గదా. ఇంగమీద చీటీలన్నీ నేనే కూడేస్తా. ఒక్కో బస్తాల వరస ఒక్కొక్కరిది. మీ వరసలో సరుకు మొత్తం ఒగేసారి తట్టల్లో తెచ్చి ముందర పెట్టండి. దెబోరా బల్ల చూసి ఏ అంగడిది ఆ అంగడికి పంచుతాది.”

దెబోరా కొత్తగా చేరిన పిల్ల. అంకెలు చకచకా చదువుతుంది. తన పేరు వినగానే కొంగు సర్దుకుని నిలబడింది.

మరియమ్మ గంప కింద పెట్టింది. “అట్లయితే మా ఊర్లేమైతాయి నాయనా?”

“ఊర్లు యాడికి పోతాయి? ఆడ్నే ఉంటాయి.”

అందరూ నవ్వారు. కమలాక్షమ్మ కూడా నవ్వింది, నవ్వు సగంలో ఆగిపోయింది. కొసరు సంగతేమిటని వెంకటలక్ష్మమ్మ అడిగింది. ఒకరు ఎక్కువా ఒకరు తక్కువా ఎందుకు, రోజుకొక వస్తువు అన్ని అంగళ్లకూ సమానంగా దెబోరాయే వేస్తుందని గురుమూర్తి చెప్పాడు. ఆ మాటా న్యాయంగానే ఉంది.

వయసు చూసి కమలాక్షమ్మకు తేలిక వరస ఇచ్చాడు. వాము, శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, జాజికాయ, వస, అన్నీ మందుదినుసులే. చింతపండు బస్తాలు లాగే బాధ తప్పింది. అబద్ధమెందుకు, కాళ్లకు సుఖంగానే ఉండింది. మధ్యాహ్నానికంతా పని ఒక కొలిక్కి వచ్చి, ఎన్నడూ లేనిది నలుగురూ కలిసి కూర్చుని తిన్నారు. వెంకటలక్ష్మమ్మ సంగటిలోకి ఊరిబిండి తెచ్చింది. ఊర్లు పోతే పోయినాయి, ముద్ద దొరికింది, అని మరియమ్మ వేళ్లు నాకింది.

కాని ఇంటికి వెళ్లి పడుకుని కళ్లు మూసుకుంటే ఆళ్లగడ్డ రాలేదు. రోజూ ఆ బజారు మొదట్లోంచి చివరిదాకా మనసులో ఒకసారి నడిచి, కూతురి గడప దగ్గర ఆగి నిద్రపోవడం ఆమెకు అలవాటు. ఆ రోజు నడుస్తుంటే కోయిలకుంట్ల శనగల బస్తాలు అడ్డం వచ్చాయి. ఒక మలుపు తిరిగితే డోను రైలు కూత వినబడింది. అన్ని ఊళ్లూ కలిసి ఒక్క పెద్ద ఊరైపోయి, అందులో అన్ని ఇళ్ల తలుపులూ ఒక్కలాగే ఉన్నాయి. ఏ తలుపు తట్టాలో తెలియక నిలబడి ఉండగానే కోడి కూసింది.

మరుసటి పొద్దున చెన్నయ్య చదవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆయన చదివేది చీటీలు కాదు, మొత్తాలు. వాము ఇంత. శొంఠి ఇంత. వస ఇంత. వాము చేటతో తోడుతుంటే కమలాక్షమ్మ చెయ్యి బరువెక్కింది. మామూలు కంటే కొంచెం ఎక్కువే ఉంది. ఆ ఎక్కువ ఎవరిది? కోయిలకుంట్లలో ఎవరికైనా అజీర్తి చేసిందా, డోనులో దగ్గులు మొదలైనాయా? లేక తన బిడ్డేనా? వాము ఘాటుకు కళ్లు మండుతున్నాయనుకుని తుడుచుకుంది.

తట్ట ముందర పెట్టి వెళ్లకుండా అక్కడే నిలబడింది. దెబోరా బల్ల చూస్తూ వాము పంచింది. అన్ని అంగళ్ల గంపల్లోనూ ఇంతింత పడింది. రంగనాయకమ్మ గంపలోనూ పడింది. అది అంగడిదో ఇంటిదో వాముకేం తెలుసు?

సాయంత్రం గురుమూర్తి ఒక్కడే ఉన్నప్పుడు దగ్గరికి వెళ్లింది.

“నాయనా, ఆళ్లగడ్డ రంగనాయకమ్మ చీటీలో అడుగున ఏమన్నా ఉండెనా? ఇంటికి అని?”

అతను తల గోక్కున్నాడు. “ఏందో ఉండె పిన్నమ్మా. అంగడి లెక్కలో కలిపేస్తి. దినుసు ఒగటే గదా. ఎందుకు?”

ఎందుకో చెబితే ఈ నోటినుంచి ఆ నోటికి పాకి ఆళ్లగడ్డ చేరుతుంది. కూతురి ఇంటి సంగతి చీటీల్లో ఏరుకుంటాందంట అని అక్కడ అంటారు. ఊరికేనే అడిగినా, అని వచ్చేసింది. లారీ తోలే మారెన్న కూడా ఆ ముందు రోజే, ఆళ్లగడ్డలో కనుక్కుని రావలసిన సంగతులేమైనా ఉన్నాయా అక్కా అని తనంత తానే అడిగాడు. నాకేం సంగతులు, నీ దోవ నువ్వు చూసుకో అని చెప్పి పంపింది. ఆ మాట అన్నందుకు ఇప్పుడు నాలుక కొరుక్కుంది. మనిషన్నాక పౌరుషం ఉండాల్సిందే, కాని పౌరుషం తల్లి బెంగకు మందు కాదు.

ఆ రాత్రి పడుకోకముందే నిశ్చయించుకుంది. తెలిసినా తెలియకపోయినా బాలింతకు పుట్టింటి కాయం ఉండలు పోవాలి. పొద్దున్నే లేచి శొంఠీ పిప్పళ్లూ మిరియాలూ దోరగా వేయించింది. వామూ కొంచెం జాజికాయా చేర్చి రోట్లో వేసి దంచింది. ఆ ఘాటుకు వీధిలో పోయేవాళ్లు తుమ్మి, కమలాక్షమ్మా, ఎవరు కనినారు, అని అడిగి పోయారు. పాతబెల్లం పాకం పట్టి, నెయ్యి పోసి, పొడి కలిపి, చెయ్యి కాలుతుండగానే ఉండలు చుట్టింది. ఓబులమ్మకు చిన్నప్పటినుంచీ మిరియం గొంతుకు పడదు. అందుకని మిరియం తగ్గించి గసగసాలు చేర్చింది. అట్లా ఊళ్లో ఎవరూ చేయరు. ఉండలన్నీ విస్తరాకులో పెట్టి పురికొసతో కట్టి, కొంగు చాటున గోడౌనుకు తెచ్చింది.

గోతాలు కుట్టకముందు రంగనాయకమ్మ గోతంలో అందరి కళ్లు కప్పి పెట్టేస్తే సరిపోతుందనుకుంది. ఎవరు పంపారో చెప్పాల్సిన పని లేదు. తినే మనిషికి తెలిస్తే చాలు.

గంప ఎత్తుకుని అటు కదలబోతుండగా గురుమూర్తి ఆమె వరసలోకి వచ్చాడు. జాజికాయ బస్తాలో పురుగు పడిందేమో చూద్దామన్నాడు. కమలాక్షమ్మ పొట్లం గబుక్కున తట్టలో పెట్టి పైన వాము గుప్పించింది. జాజికాయలు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర ఆడించి చూశాడు ఆ అబ్బాయి. ఎంతో శ్రద్ధగా చూశాడు. ఆమె తట్ట వైపు చూడకూడదనుకుంటూ తట్ట వైపే చూస్తూ నిలబడింది. అటు నుంచి ఎవరో వచ్చి ఇంకా ఆలస్యమేందని తట్ట ఎత్తుకుని పోయారు. ఇంకో బస్తా కూడా విప్పుదాం పిన్నమ్మా, అన్నాడు గురుమూర్తి.

విడిపించుకుని ముందుకు వచ్చేసరికి గోతాలు కుట్టేశారు. దబ్బనాలు ఆడుతున్న చప్పుడు ఆగిపోయి, లారీలు కదిలిన చప్పుడు దూరమవుతోంది. దెబోరా బల్ల తుడుస్తోంది.

“ఏమ్మే, వాములో ఒక పొట్లం ఉండె. ఏం చేస్తివి?”

“అదా పెద్దమ్మా. బల్ల మీద దానికి గడి లేదు. గడి లేదంటే కొసరే గదా అని అన్ని అంగళ్లకూ సమంగా పంచేస్తి. ఒగటి నేనూ తిన్యా.” పిల్ల నవ్వు ముఖంతో చెప్పింది. “భలే ఉంది.”

కమలాక్షమ్మ ఖాళీ గోతాల మీద చతికిలబడింది. కోపం రావాలి, రాలేదు. ఆ పిల్ల తప్పేముంది? పంచమన్నారు, పంచింది. తన బిడ్డ కోసం దంచిన కాయం డోనుకు పోయింది, కోయిలకుంట్లకు పోయింది, ఇంకా తాను పేరు కూడా ఎరగని ఊళ్లకు పోయింది. మరియమ్మ పక్కన కూర్చుని సంగతంతా మెల్లగా లాగింది. విని వీపు మీద చెయ్యి వేసింది.

“ఏం చేస్తావులే అక్కా. ఇంగమీద జిల్లాలో బాలింతలందరూ నీ బిడ్డలే అనుకో.”

ఏడుస్తూనే నవ్వింది కమలాక్షమ్మ.

ఆ తర్వాతి రోజులు నీళ్లలో నడిచినట్టు గడిచాయి. వాము తోడుతున్నప్పుడు కాయం ఉండలు ఒక్కొక్కటీ ఎక్కడెక్కడికి చేరి ఉంటాయోనని ఆమె మనసు వాటి వెంట పోయేది. డోనులో రైలు కట్ట పక్క ఇంట్లో ఎవరో పిల్లతల్లి మంచం మీద లేచి కూర్చుని నోట్లో వేసుకుంటోంది. కోయిలకుంట్లలో అంగడాయన తానే చప్పరించి, భార్యకు చెప్పకుండా రెండోది వెతుకుతున్నాడు. ఎవరు తిన్నా వాళ్ల ముఖం చివరికి ఓబులమ్మ ముఖంలాగే మారేది. అందరూ కాస్త చెమట పట్టి, కాస్త పాలిపోయి, మెల్లగా నములుతున్నారు. ఇంతమంది తింటున్నారు గదా, వాళ్లలో ఒక్కతె తన బిడ్డ కాకపోతుందా?

చీటీలు రావడం మొదలైంది. మొదట కోయిలకుంట్ల అంగడాయన, మొన్న కొసరేసిన నల్ల ఉండలు ఇంకా పంపండి, వెల ఎంతో రాయండి అని రాశాడు. ఆ మర్నాడు డోను నుంచి అదే మాట వచ్చింది. గురుమూర్తి బల్ల మీద దానికి గడి గీయబోయి, అసలిది ఏ వరసలో ఉందో తెలియక దెబోరాను అడిగాడు. దెబోరా కమలాక్షమ్మ వైపు చూసింది. అతను కోప్పడలేదు. పిన్నమ్మా, చేసి ఇస్తే శెట్టిగారికి చెప్పి మంచి వెల ఇప్పిస్తానన్నాడు. అది అమ్మేది కాదు నాయనా, అని ఆమె తల వంచుకుంది. అమ్మేది కానిది గోడౌనులో ఎందుకుందో అతనికి అర్థం కాలేదు.

ఆళ్లగడ్డ నుంచి మాత్రం మాట లేదు. రంగనాయకమ్మ పారేసి ఉంటుంది. లేదా అంగడికి వచ్చిన ఎవరికో ఇచ్చేసి ఉంటుంది. లేదా అక్కడ తినే మనిషే... ఆ మాట పూర్తిగా అనుకోకుండా కమలాక్షమ్మ చేటను గట్టిగా చెరిగేది. ఇక పౌరుషం పక్కన పెట్టి, సంత నాడు మారెన్నను అడిగేయాలనుకుంది.

సంతకు ముందు రోజే గురుమూర్తి ఆమె వరసలోకి వచ్చాడు. చేతిలో ఒక చీటీ ఉంది. మొత్తాలు కూడడం సగంలో వదిలేసి వచ్చినట్టున్నాడు, వేళ్లకు సుద్దముక్క పొడి అంటి ఉంది.

“పిన్నమ్మా, ఇది దేంట్లో కూడాలో నాకు తెలీలేదు.”

“ఏం దినుసు నాయనా?”

అతను చదివాడు. మామూలుగా చదివే గొంతు కాదు.

“ఇంటికి, మొన్నటి కాయం చేసిన మనిషి. మా కోడలు దేన్నీ ముట్టదు, అది ముట్టింది. బిడ్డకు నీళ్లు పోయాల. నాకు మోకాళ్లు వంగవు.”

వరసలో ఎండ కర్ర ఒకటి ఆమె భుజం మీద పడి ఉంది. దుమ్ము తేలుతూనే ఉంది. కమలాక్షమ్మ ఒక గుప్పెడు వాము పట్టుకుని, అది ఎక్కడ పెట్టాలో మరిచిపోయినట్టు నిలబడిపోయింది.

“ఇంగోసారి చదువు,” అంది.

చదివాడు. బిడ్డకు అన్న చోట అతనే ఆగి, తల ఎత్తి ఆమె ముఖంలోకి చూశాడు. అంతటితో అంతా తెలిసిపోయింది అతనికి. అప్పుడడిగిండేది ఇదేనా పిన్నమ్మా, అని మెల్లగా అన్నాడు. ఆమె తల ఊపింది. గురుమూర్తి చీటీ మడిచి ఆమె చేతిలో పెట్టి, మారెన్నను లారీ ఆపమని కేక వేస్తూ తానే గుమ్మం వైపు పరుగెత్తాడు.

లారీలో ముందర చోటుందని మారెన్న అన్నా వినకుండా ఆమె వెనక గోతాల మీదే కూర్చుంది. దారికి రెండు పక్కలా వరిమళ్లు, దూరాన నల్లమల నీలంగా కదలకుండా, లారీతో పాటే వస్తున్నట్టు ఉంది. గాలికి కొంగు ఎగురుతోంది. ఏ గోతంలో ఏముందో కిందినుంచి వచ్చే వాసన బట్టే తెలుస్తోంది. వాటి మీద తానూ ఒక సరుకై పోతోంది. ఆడబిడ్డో మగబిడ్డో కూడా రాయలేదు మహాతల్లి. రాయకపోవడమే మేలనిపించింది. ఆ కాసేపు బిడ్డ ఏదైనా కావచ్చు. కళ్లు మూసుకుంటే ఆళ్లగడ్డ బజారు వచ్చింది, తెరిచినా పోలేదు. నిజంగానే వచ్చేసింది.

రంగనాయకమ్మ అంగడి ముందు నిలబడి ఉంది. లావుపాటి మనిషి, ఒక చెయ్యి మోకాలి మీద ఉంది. గోతాలు దించుతుంటే ఒక్కొక్కటీ తట్టి చూసుకుంది. వియ్యపురాలి ముఖం మాత్రం చూడలేదు. కమలాక్షమ్మ దిగి చెప్పులు విడిచింది.

“శెట్టి కొసరంట,” అంది రంగనాయకమ్మ గోతాలతో మాట్లాడినట్టు. “గసగసాలేసి కాయం కొసరేసే శెట్టి యా దేశంలో ఉంటాడు? నేను తినిపించలా. వాసన చూసి అదే లాక్కొని తినె. తిని ఏడ్సె.”

“నువ్వు పారేస్తావనుకుంటి వదినా.”

“పారేసేదాన్నే. ఎవురు చేసిందో తెలిసింటే.”

అంటూనే పక్కకు జరిగి దోవ ఇచ్చింది.

లోపల మసకగా ఉంది. వేపాకు పొగ వేసినట్టున్నారు. ఓబులమ్మ మంచం మీద పడుకుని తలుపు వైపే చూస్తోంది. తల్లిని చూసి లేవబోయింది. కమలాక్షమ్మ దగ్గరికి పోయి నుదుటి మీద చెయ్యి వేసి అట్లాగే ఉంచింది. మాటలు తర్వాత ఉన్నాయి. పిల్ల పక్కన గుడ్డల్లో ఆడబిడ్డ, తల నిండా వెంట్రుకలు, పిడికిళ్లు బిగించి నిద్రపోతోంది.

పెరట్లో బండ మీద కాళ్లు చాపి కూర్చుంది కమలాక్షమ్మ. చీర మోకాళ్లకు మడిచింది. బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టి, ఆముదం అరచేతుల్లో వెచ్చచేసుకుని, ఛాతీ మీదా భుజాల మీదా రుద్దింది. బిడ్డ మొదట కెవ్వుమంది, తర్వాత ఆశ్చర్యపోయినట్టు నోరు తెరిచి ఊరుకుంది. రంగనాయకమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి పక్కన నిలబడింది. చెంబుతో వేన్నీళ్లు తోడి, మోచేతి మీద పోసుకుని వేడి చూసి, కమలాక్షమ్మ చెయ్యి ఆడిన వెంట సన్నగా పోసింది. ఆమె వీపు రుద్దితే వీపు మీద, ముక్కు నొక్కితే ఆగి, మళ్లీ నెత్తి మీద. ఆవిరి లేచి ఇద్దరి ముఖాలూ తడిసిపోయాయి.

వీధిలో మారెన్న హారన్ కొట్టాడు. నంద్యాలకు తిరిగి పోయే వేళైంది.

కమలాక్షమ్మ చేతులు ఆగాయి. “లారీ పిలుస్తాంది వదినా.”

రంగనాయకమ్మ చెంబు మళ్లీ ముంచింది.

“లారీ యాడుంది? ఎప్పుడో పాయె,” అంది. “ఆ చెవి ఎనక ఇంగొంచెం రుద్దు.”

హారన్ ఇంకోసారి మోగింది. నీళ్లు పడుతూనే ఉన్నాయి.